ఎవరి ఉద్యోగులు వీరు?

నిమిషాల్లో సరకులు చేరవేసే బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ వంటి సంస్థలు హైదరాబాద్‌తో ఆగకుండా విజయవాడ, విశాఖ వంటి నగరాలకూ విస్తరిస్తున్నాయి. విస్తరణతో పాటే వేల కొలువులన్న ప్రకటనలూ వెలువడుతున్నాయి. చదువు మధ్యలో ఆగిన కుర్రాడికి బండి ఉంటే చాలు, డెలివరీ పని దొరుకుతోందన్నది వాస్తవమే. కాదనం. కానీ ప్రకటనల వేళ ఈ కుర్రాళ్లను ఉద్యోగులుగా లెక్కించే కంపెనీలు, పీఎఫ్, ఈఎస్ఐ మాటెత్తగానే వీరు తమ సిబ్బందే కారు, ‘భాగస్వాములు’ అని చేతులు దులుపుకోవడం ఏ రకం న్యాయం?

బండి, పెట్రోలు, ఫోను అన్నీ కుర్రాడివే. ఆర్డర్ల సరకులు నిల్వ ఉంచే గోదాము, అదే డార్క్ స్టోర్ ముందు ఫుట్‌పాత్‌పై ఆర్డర్ కోసం పడిగాపులు కాసిన సమయానికి పైసా రాలదు. ఇన్సెంటివ్ కావాలంటే యాప్ చెప్పిన వేళకు లాగిన్ కావాల్సిందే. ఫిర్యాదు వచ్చి ఐడీ బ్లాకయితే మొర వినే మనిషి ఉండడు. ఇంతగా శాసించేవారు యజమానులు కారట! వీధి చివరి కిరాణా కొట్టులో పోయే పనిని ఈ కొత్త కొలువుల లెక్కలోంచి తీసివేసే నాథుడూ లేడు.

ఇలా నెల జీతం లేకుండా పనికింతని సంపాదించే గిగ్ కార్మికులు 2020-21లో 77 లక్షలుండగా, 2029-30 నాటికి 2.35 కోట్లవుతారని నీతి ఆయోగ్ 2022లోనే అంచనా వేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, వీరి సంక్షేమ నిధికి కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం జమచేయాలంది. మంచిదే, అయినా వీరిని ఉద్యోగులుగా మాత్రం గుర్తించలేదు. ఆ డిసెంబరులో సమ్మెలు జరిగాక, కేంద్రం జోక్యంతో బ్లింకిట్ ‘పది నిమిషాల’ ప్రచారాన్ని పక్కన పెట్టింది. ప్రకటన మారినంత మాత్రాన ఒక్కో డెలివరీకి కుర్రాడికిచ్చే రేటు పెరగదు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.5 లక్షల ప్రమాద బీమా ప్రకటించిందంటే, కంపెనీ మోయాల్సిన భారాన్ని ఖజానా నెత్తికెత్తుకున్నట్లే.

ఈ లెక్కను నేడు ఆమోదిస్తే రేపు ప్రతి పరిశ్రమా తన కార్మికుడిని భాగస్వామిగా మార్చేస్తుంది. కొలువులిచ్చామన్న కంపెనీని, ఆ పేర్ల జాబితాను పీఎఫ్ కార్యాలయానికీ పంపమని అడగలేని మంత్రులు ప్రారంభోత్సవాలకు వెళ్లకపోవడమే మేలు.