దూడ నోటి జున్ను

పాల ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క చూసి నిశ్చింతగా ఉండేవాళ్లు, ఆ గేదెకు పుట్టిన దున్నదూడ ఏమైందని ఒక్కసారైనా అడిగారా? పడ్డ పుడితే రేపటి పాడి కనుక సాకుతారు. దుక్కికి ట్రాక్టర్లు వచ్చాక దున్నదూడతో పనిలేదు. అది తాగే ప్రతి లీటరూ నష్టం కింద లెక్క. అందుకే దాన్ని పస్తులుంచి చావనిస్తున్నారు. కత్తి పట్టనంత మాత్రాన ఇది అహింస అవుతుందా?

జున్నుపాల సంగతి మరీ ఘోరం. తల్లి కడుపులో దూడకు రోగనిరోధక శక్తి అందదు, అదంతా ఈనగానే వచ్చే ఈ ముర్రుపాలతోనే రావాలి. 30 కిలోల దూడకు తొలిరోజే దాదాపు 3 లీటర్లు పట్టాలి, అందులో సగం మొదటి రెండు గంటల్లోనే. ఒక రోజు దాటితే పేగులు ఆ రక్షణను గ్రహించవు. దూడ పారుడుతో పోతుంది. ఆ పాలకే మనం బెల్లం, మిరియాలు కలిపి జున్ను వండుకుంటున్నాం.

దూడ పోయాక గేదె పాలు చేపదు. అప్పుడు పాలు దింపే హార్మోన్, ఆక్సిటోసిన్ సూది. పశువు ఆరోగ్యానికి హాని కలిగేలా పాల కోసం సూది వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం. జరిమానా లేదా రెండేళ్ల వరకు జైలు లేదా రెండూ, పశువు జప్తు. బాలింతల ప్రాణాలు నిలిపే మందు కనుక దాని ప్రైవేటు తయారీపై కేంద్రం పెట్టిన నిషేధాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, సబబే. కానీ కొట్టంలో సూది పట్టుకున్నవాడిని ఆపాల్సింది ఎవరు?

పాడి చిన్న రైతుకు ఆధారమన్న మాట నిజం. అది పస్తుకూ సూదికీ సమర్థన కాదు.

పాలు మానితే ఎముకలు గుల్లబారతాయన్న భయమూ అతిశయమే. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, గేదెపాలలో 120. నువ్వులు, మునగాకు ఉండనే ఉన్నాయి. పప్పు, చిక్కుళ్లతో మాంసకృత్తులకూ లోటుండదు. పీచు పెరిగి, చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. బి12 విషయంలో మాత్రం రాజీ వద్దు. మొక్కల్లో అది నమ్మదగినంత దొరకదు, స్పిరులినా అనే నాచుపొడి దానికి బదులు కాదు, మాత్ర వేసుకోవాల్సిందే. నిర్లక్ష్యం చేస్తే కాళ్ల తిమ్మిర్లతో మొదలై నరాలు దెబ్బతింటాయి. గర్భిణులు, పసిపిల్లల విషయంలో వైద్యుణ్ని అడగకుండా ప్రయోగాలు చేయొద్దు.

మాంసం కొట్టు ముందు ముక్కు మూసుకునే పెద్దమనుషులు, ఒట్టిపోయిన గేదె ఏ లారీ ఎక్కిందో ఎప్పుడూ అడగరు. శుద్ధ శాకాహారులమని గుమ్మానికి బోర్డు కట్టి, కిరాయికి ఇల్లడిగిన వాళ్లను కులం, కూర ఆరా తీసి పంపేసే వాళ్లు, ముందు తమ వంటింట్లో జున్నుగిన్నె దించాలి.