మహారాజశ్రీ గెట్‌కాలమ్స్ గారి దివ్య సముఖమునకు

జావా ప్రోగ్రాములను డేటాబేసులతో మాట్లాడించే జేడీబీసీ వంశోద్ధారకులు, డేటాబేసు వివరాలు చెప్పే డేటాబేస్‌మెటాడేటా గారి ఇంటి పెద్ద దిక్కు, టేబుల్లోని కాలమ్స్ జాబితా ఇచ్చే ఫంక్షను అయిన తమకు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే, తమరు కుశలమే. నేను ఇవాళ మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నవాణ్ణి పొద్దుగుంకాక లేచాను. ఆ మధ్యలో తమరు ప్రసాదించింది జవాబు వరుసలేమీ లేని ఒక ఖాళీ రిజల్ట్‌సెట్.

నేనేమైనా గొంతెమ్మ కోరికలు కోరానా? ఈ టేబుల్లో ఏయే కాలమ్స్ ఉన్నాయి, వాటి రకాలేమిటి, సైజెంత, అంతే కదా. క్లయింటు కొత్త కాలమ్ కలిపినప్పుడల్లా స్క్రీన్ కోడు తిరగరాయకుండా, మిమ్మల్నే అడిగి ఫారం గీసుకుందామనుకున్నాం. టేబుల్ పేరు చిన్నక్షరాల్లో ఇచ్చాం. అదే పేరుతో, అదే కనెక్షన్ మీద, డేటా తెమ్మనే సెలెక్ట్ రాస్తే డేటాబేసు కిక్కురుమనకుండా డేటా తెచ్చి ముందు పెట్టింది. మీరు మాత్రం అసలలాంటి టేబులే లేదన్నారు. కాదు కాదు, అలా అన్నా బాగుండేది. ఏమీ అనలేదు. ఎక్సెప్షన్ లేదు, వార్నింగ్ లేదు. నెక్స్ట్, అంటే తర్వాతి వరుస ఉందా అంటే, ఫాల్స్. రెవెన్యూ ఆఫీసు గుమస్తా కూడా "రేపు రండి" అంటాడండీ!

ఈ మౌనవ్రతాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? పేరు తప్పయినా సున్నా వరుసలే. స్కీమా, అంటే టేబుళ్ళుండే గది, వేరయినా అంతే. యూజర్‌కి పర్మిషన్ లేకపోయినా అంతే. పాపం డేటాబేసు చూసుకునే డీబీఏని పిలిచి, ఇచ్చిన అనుమతులు (గ్రాంట్లు) చూపించమన్నాం. ఆయన ఒక్కొక్కటీ చూపించి, అలిగి వెళ్ళిపోయాడు. తీరా చూస్తే ఆ డేటాబేసు, కోట్స్ లేని పేర్లన్నిటినీ పెద్దక్షరాల్లో దాచుకునే రకం. పోస్ట్‌గ్రెస్ అయితే చిన్నక్షరాల్లో. సరే, ఎవరి ఆచారం వారిది. కానీ మీ పక్క గదిలోనే స్టోర్స్‌అప్పర్‌కేస్‌ఐడెంటిఫయర్స్ అని ఒకాయన ఉన్నారు. అడిగితే "అవును, మా ఇంట్లో పెద్దక్షరాలే" అని ట్రూ చేతిలో పెడతారు. అంటే ఇంటిల్లిపాదికీ తెలుసు! మీరు ఆయన్ని ఒక్క మాట అడగరు. మేమే అడిగి, పేరు మార్చుకుని, మళ్ళీ మీ గుమ్మం ఎక్కాలి.

ఎక్కాం. ఈసారి ప్రతి కాలమూ రెండేసి సార్లు! స్కీమా పేరు దగ్గర నల్ (ఖాళీ) ఉందని, బ్యాకప్ స్కీమాలో మూలుగుతున్న పాత టేబుల్‌ని కూడా వెంటబెట్టుకొచ్చారు. పైగా మీకిచ్చేది పేరు కాదట, ప్యాటర్నట. అందులో అండర్‌స్కోర్ ఉంటే అక్కడ ఏ ఒక్క అక్షరమైనా సరేనట. బిల్_ఐటమ్ అంటే బిల్1ఐటమ్ కూడా వచ్చేస్తుంది. అండర్‌స్కోర్ లేని టేబుల్ పేర్లు ఏ ఆఫీసులో ఉన్నాయో సెలవియ్యండి.

పోనీ ఇరుగుపొరుగును అడుగుదామా? టేబుళ్ళ, కాలమ్స్ వివరాలు చూపే ఇన్ఫర్మేషన్ స్కీమా, 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే ఉంది. ఒరాకిల్‌లో మాత్రం ఉండదు, అక్కడ ఆల్_ట్యాబ్_కాలమ్స్. ఎస్‌క్యూలైట్‌లో ప్రాగ్మా అనే ఆదేశం. మైసీక్వెల్ తన డేటాబేసు పేరును స్కీమా గడిలో కాక, దాని పైమెట్టయిన క్యాటలాగ్ గడిలో పెడుతుంది. డేటాబేసు వివరాల్ని కూడా మామూలు డేటాలాగే, అదే భాషలో అడగగలగాలని రిలేషనల్ డేటాబేసులకు ఆద్యుడైన కాడ్ గారు 1985లోనే నియమం పెట్టారు. అడగగలుగుతున్నాం. జవాబు సంగతే ఆయన రాయలేదు.

ఇక మీరిచ్చే వరుసలో 24 గడులు. మూడు వాడకంలో లేవని మీ డాక్యుమెంటేషనే ఒప్పుకుంటుంది. కాలమ్‌లో నల్ ఉండొచ్చా అన్నదానికి ఒకటికి రెండు గడులు. వాటిలో అంకెల గడిలో 0 అంటే కుదరదు, 1 అంటే కుదురుతుంది, 2 అంటే తెలియదు.

చూశావా? తెలియదు అనడం నీకొచ్చు! దానికో అంకె కూడా కేటాయించుకున్నావు. మరి టేబుల్ దొరకలేదని చెప్పడానికి నోరు పెగల్లేదేం?

చివరికి నిన్ను వదిలేసి, వేర్ 1=0 అని, ఒక్క వరుసా తేని ఉత్తుత్తి సెలెక్ట్ రాసి, జవాబులోని కాలమ్స్ వివరాలు చెప్పే రిజల్ట్‌సెట్‌మెటాడేటాని అడిగాను. వాడు నయం. పేరు తప్పయితే ఆ సెలెక్టే టేబుల్ లేదని మొహం మీద అరుస్తుంది. కానీ డిఫాల్ట్ విలువలూ, రిమార్కులూ వాడి దగ్గర లేవు. అవి నీ దగ్గరే పెట్టుకున్నావు. అందుకే రేపు మళ్ళీ వస్తున్నాను, స్కీమా పేరుతో, పెద్దక్షరాలతో, ప్రతి అండర్‌స్కోర్ ముందూ అది మామూలు అక్షరమేనని చెప్పే ఎస్కేప్ గుర్తుతో.

ఇట్లు,
తమ విధేయుడు (వేరే దారి లేక)

తా.క. మీ వరుసలో స్కీమా పేరుండే టేబుల్_స్కెమ్ అనే గడి పేరులో స్కీమా చివరి "ఏ" అక్షరాన్ని ఎవరు మింగారో కనుక్కోగలరు. 1997 నుంచీ కనబడట్లేదు.