కృత్రిమ మేధకు నెల్లూరు రేషన్ కార్డు

కృత్రిమ మేధకు తక్షణం నెల్లూరు చిరునామాతో ఒక రేషన్ కార్డు మంజూరు చెయ్యాలని ప్రభుత్వాన్ని వినయంగా కోరుతున్నాను. అది పరాయిది కాదు, మనదే. ఆధారాలు ఉన్నాయి.

మొన్న విజయవాడ నుంచి చుట్టాలు వస్తామంటే, మైపాడు బీచికి రైల్లో ఎలా రావాలో ఫోన్లో దాన్ని అడిగాను. ఉదయం ఏడింటి బండి ఎక్కమంది. మైపాడు స్టేషన్లో దిగి ఎడమచేతి వైపు ఐదు నిమిషాలు నడిస్తే సముద్రమేనంది. మైపాడులో సముద్రం ఉంది, ఇసక ఉంది. పట్టాలే లేవు. ఆ ముక్కే అన్నాను. "క్షమించండి, మీరు చెప్పింది అక్షరాలా నిజం" అని, ఏడింటి బండి తీసేసి పదింటి బండి పెట్టింది.

ఈ గొంతు నాకు కొత్త కాదు. వీఆర్‌సీ సెంటర్లో టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన కూర్చుంటాడు. ఎవరు ఏ ఇల్లు అడిగినా "నేరుగా పొయ్యి, వేపచెట్టు కాడ తిరుగబ్బయా" అంటాడు. ఎక్కడో ఒక వేపచెట్టు తగలకపోదు కదా. తెలీదని చెప్పొచ్చుగా పెద్దాయనా అంటే, "అడిగినోణ్ణి ఉత్తచేతుల్తో ఎట్టా పంపేది?" అన్నాడు.

యంత్రం చేసేదీ అదే. తర్వాత ఏ మాట రావచ్చో ఊహించడమే దాని పని. గట్టి ఊహైనా గుడ్డి ఊహైనా ఒకే ఇస్త్రీ చొక్కా తొడుక్కొని బయటికొస్తుంది.

తెలియకపోయినా చెప్పేసే ఈ జబ్బుకు ఒక మూలం పరీక్షల్లోనే ఉందని 2025లో ఓపెన్ఏఐ (చాట్‌జీపీటీ కంపెనీ) పరిశోధకులు ఒక పత్రం రాశారు. ఇలాంటి యంత్రాలకు పెట్టే చాలా పరీక్షల్లో తప్పుకూ సున్నానే, 'తెలియదు'కూ సున్నానే. అలాంటప్పుడు రాయి వెయ్యడమే లాభం. దీనికి అంత పరిశోధన దేనికో! మా వీధిలో ఇంటర్ పిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు. ఎంసెట్‌లో (పేరు మారినా మా ఇళ్లలో ఎంసెట్టే) 160 ప్రశ్నలు, మైనస్ మార్కుల్లేవు. ఆఖరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నిటికీ మూడో ఆప్షన్ నొక్కేసి వస్తాడు. వాడే జేఈఈ హాల్లో, తప్పుకు ఒక మార్కు పోతుందనేసరికి, పరమ వినయంగా ప్రశ్నలు వదిలేస్తాడు. పిల్లవాడు మారలేదు, మార్కులేసే పద్ధతి మారింది.

ఇంకో సంగతి చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఆ కంపెనీదే జీపీటీ-4 అనే యంత్రం మీద 2023లో వచ్చిన నివేదిక చూడండి. మొదటి విడత చదువు అయ్యాక దాని నమ్మకానికీ, జవాబు నిజమవడానికీ లెక్క బాగానే కుదిరేది. మనుషులకు నచ్చేట్టు మాట్లాడే శిక్షణ ఇచ్చాక ఆ లెక్క తప్పింది. మన సావాసం పట్టాకే చెడిందన్నమాట.

సరే, పాపపరిహారం చేద్దామని నిన్న "తెలియకపోతే తెలియదని చెప్పు" అని ముందే షరతు పెట్టి మళ్లీ అదే అడిగాను. "మైపాడుకు రైలు ఉందో లేదో నాకు కచ్చితంగా తెలియదు" అంది. ఇంత డబ్బు పోసి తయారుచేసింది ఇందుకా అని ఒళ్లు మండి, ఇంకో యాప్ తెరిచాను. అది ప్లాట్‌ఫారం నంబరుతో సహా చెప్పింది.