సవరణ: న్యూయార్క్‌లో జెల్ ప్రొపేన్ ఫ్రాకింగ్‌పై ఉన్నది శాశ్వత నిషేధం కాదు

భూమి లోపలి గ్యాస్, చమురు తీయడానికి రాతిపొరల్ని పగలగొట్టడాన్ని ఫ్రాకింగ్ అంటారు. దాన్ని నీటికి బదులు జెల్‌గా మార్చిన ప్రొపేన్‌తో (వంటగ్యాస్‌లో ఉండే మండే వాయువు) చేసే పద్ధతి గురించి రాసిన పోస్టులో, న్యూయార్క్ రాష్ట్రం 2020లో దీన్ని శాశ్వతంగా నిషేధించిందని చెప్పాను. అది తప్పు. ఆ ఏడాది బడ్జెట్ చట్టం శాశ్వతంగా నిషేధించింది భారీగా నీటిని వాడే ఫ్రాకింగ్‌ని. జెల్ ప్రొపేన్ మీద పెట్టింది తాత్కాలిక నిలుపుదల, పర్యావరణ ప్రభావంపై సమీక్ష పూర్తయ్యేదాకా. ఆ చట్టం పాఠం చదివాకే ఈ సవరణ రాస్తున్నాను.

నీటి ఫ్రాకింగ్‌కీ ప్రొపేన్ ఫ్రాకింగ్‌కీ మధ్య ఈ తేడా చిన్నది కాదు. నీటి ఫ్రాకింగ్ నిబంధన 3 లక్షల గ్యాలన్లు, అంతకన్నా ఎక్కువ నీరు వాడే పనులకే వర్తిస్తుంది. ప్రొపేన్‌లో ఆ నీరే లేదు కాబట్టి 2015లో ఆ రాష్ట్రంలోని టియోగా కౌంటీ భూయజమానులు ఈ పద్ధతితో గ్యాస్ బావికి దరఖాస్తు పెట్టగలిగారు. 2020 చట్టం ఆ దారిని కూడా తాత్కాలికంగా ఆపింది.

ఇంకో మాట. "నీళ్లు లేవు" అన్నదాన్ని కొందరు "రసాయనాలు లేవు" అని చదువుకున్నారు. అలా కాదు. ద్రవ ప్రొపేన్ బాగా పలచన, పగుళ్లు మూసుకోకుండా లోపలికి పంపే ఇసుకను మోయలేదు. అందుకే చిక్కబరిచే రసాయనాలు, తర్వాత ఆ జెల్‌ని మళ్లీ పలచన చేసేవి కలుపుతారు. పని అయ్యాక ప్రొపేన్ చాలావరకు ఆవిరై గ్యాస్‌తో పైకి వస్తుంది, పగుళ్లలో ఇసుక మిగులుతుంది. అసలు భయం మంటలది: 2011లో కెనడాలోని అల్బర్టాలో ఇలాంటి పనిచోట మంటలు లేచి కార్మికులు గాయపడ్డారు.