మహారాజశ్రీ మూడు మందుల ట్యూబు గారికి

పర్లాకిమిడి నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. గోకుడు మధ్యలో కాస్త తీరిక చేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తమరి ప్రతిభ మామూలుది కాదు. ఒక్క ఒంట్లో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు, మూడూ ఇముడ్చుకున్నారు. తామరా, గజ్జా, చెమట పొక్కులా అని ఆరా తీసే పనే లేదు. మందుల షాపులో చెయ్యి చాపితే కుర్రాడు ఆ చేతి వంక చూడకుండానే తమర్ని తీసి ఇస్తాడు. ఇక్కడ స్టాకు లేకపోతే మహేంద్రతనయ ఏరు దాటి ఆంధ్రా వైపు పాతపట్నం వెళ్తే చాలు. ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా పలుకుతారు. 2018లో కేంద్రం పూత మందుల్లోని 14 స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. ఆ సంగతి తమరి ఒంటి మీదే అచ్చేసి ఉంటుంది. చదవాలంటే మైక్రోస్కోపు కావాలి, అది వేరే మాట.

తమరి అసలు ఘనత గజ్జి దగ్గర చూడాలి. గజ్జి తెచ్చే ఆడ పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకి రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఒళ్ళంతా దద్దుర్లున్నా మామూలుగా పురుగులు పది పదిహేనుకి మించవు. దురదంతా ఆ పురుగు మీద, దాని గుడ్ల మీద, పెంట మీద మన ఒళ్ళు చేసే గొడవే. తమరు ఆ గొడవని చల్లార్చేస్తారు, పురుగు జోలికి మాత్రం పోరు. దొంగ పడ్డాడని మొరిగే కుక్కకి మూతి కట్టి ఇల్లు దొంగకి అప్పజెప్పడం ఇదే. రెండు రోజులు హాయి. తర్వాత దద్దుర్ల రూపురేఖలు మారిపోయి, చూసిన డాక్టరు కూడా ఇదేమిటో పోల్చుకోలేడు. చర్మ వైద్యులు దీనికి స్కేబీస్ ఇన్‌కాగ్నిటో, అంటే మారువేషంలో ఉన్న గజ్జి, అని పేరు కూడా పెట్టారు. తమరి పేరు మీద ఒక జబ్బు ఉన్నట్టే, అభినందనలు.

తమరికి గిట్టని పని ఒకటుంది. సొరంగం మీద ఒక చుక్క మినరల్ ఆయిల్ వేసి, 15వ నంబరు బ్లేడుతో పైపొర మాత్రం గీకి, వచ్చినదాన్ని స్లైడు మీద పెట్టి, కవర్‌స్లిప్పు మూసి మైక్రోస్కోపు కింద చూడటం. పురుగు కనబడాలనే లేదు. గుడ్డు కనబడినా, గోధుమరంగు పెంట ఉండలు కనబడినా కేసు రుజువైనట్టే. నూనెకి బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే చర్మపు పొలుసులు కరిగి పురుగు తేటగా కనిపిస్తుంది గానీ ఆ ఉండలు కూడా కరిగిపోతాయి. సొరంగం ఎక్కడుందో తెలియకపోతే సిరా పూసి స్పిరిట్ దూదితో తుడిచెయ్యాలి. లోపలికి దిగిన సిరా వంకర గీతలా మిగిలిపోతుంది. చర్మం ముక్క కోసి బయాప్సీకి పంపడం ఆఖరి మాట. కోసిన పలచటి పొరలో ఆ పదిహేనింటిలో ఒకటి పడాలి కదా! పడకపోతే రిపోర్టులో ఈసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలతో వాపు ఉందని మాత్రం వస్తుంది. గీకినప్పుడు దొరక్కపోయినా గజ్జి లేదని తేల్చెయ్యడానికి లేదు. దొరికితే మాత్రం తిరుగులేదు.

మా వైపు మలేరియా పుణ్యమా అని మైక్రోస్కోపులకి కొదవ లేదు. మలేరియా స్లైడుకి వంద రెట్లు పెద్దది చేసి చూపే లెన్సు కావాలి, గజ్జి పురుగుకి పది రెట్లది చాలు. అయినా దాని కింద చర్మం గీకి పెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పది నిమిషాల పని కదండీ, పది సెకన్లలో తమరు దొరుకుతుంటే ఎవరు చేస్తారు!

ఈ విషయం మీద ఉత్తరం రాయడంలో నేను మొదటి మనిషిని కాను. 1687లో బొనోమో అనే ఇటలీ వైద్యుడు రెడీ అనే పండితుడికి రాసిన లేఖలో గజ్జి పురుగు బొమ్మ వేసి మరీ చూపించాడు. పేద తల్లులు పిల్లల చర్మంలోంచి గుండుసూదితో దాన్ని తీయడం గమనించాడట. మళ్ళీ 1834లో పారిస్‌లో రెనూచ్చి అనే వైద్య విద్యార్థి సూదితో పురుగుని తీసి చూపిస్తే గానీ పెద్ద డాక్టర్లు నమ్మలేదు. అతను కోర్సికా పల్లె ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్న విద్య అది. అప్పట్లో తమరు ఉండి ఉంటే ఆ కష్టాలన్నీ తప్పేవి!

మా పిన్ని కొడుకు హాస్టల్ నుంచి సెలవులకి వచ్చాడు, వేళ్ళ సందులు గోక్కుంటూ. “రాసుకోరా గుంటడా, తగ్గిపోద్ది” అని పిన్ని తమర్ని చేతికిచ్చింది. చుట్టచుట్టి, తిరగేసి పిండి, చివరికి కత్తెరతో అడ్డంగా కోసి గోడలకి అంటుకున్నది కూడా గీకారు. చర్మం గీకమంటే భయం, ట్యూబు గీకడానికి లేదు. నెల దాటాక ఇంటిల్లిపాదీ గోకుడే. మొదటిసారి పట్టిన గజ్జికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా పురుగుని చంపే ఐదు శాతం పెర్మెత్రిన్ క్రీము పూసుకుని, వారం తర్వాత మళ్ళీ పూసుకోవాలి. తమరిలాగ ఎక్కడ దురదో అక్కడ చుక్క పెట్టుకుంటే కుదరదు.

కాబట్టి మనవి. ఈసారి మా ఇంటికి ఒంటరిగా దయచేయకండి, చీటీని వెంటబెట్టుకుని రండి.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు

తా.క.: తమరి ధర పెరిగి లోపల మందు తగ్గిందేమని పిన్ని గట్టిగా అడగమంది.