భూ వినియోగ మార్పిడి గారికి ఒక అభ్యంతర పత్రం

మహారాజశ్రీ భూ వినియోగ మార్పిడి గారి సముఖమునకు,

హనుమకొండ నాలా పక్క కాలనీవాసి ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఫలానా సర్వే నంబర్లలోని ఫలానా విస్తీర్ణాన్ని నగర ప్రణాళికలో కట్టడాలకు ఇవ్వకుండా కాపాడవలసిన కన్జర్వేషన్ జోన్ నుండి నివాస జోన్‌కు మార్చదలచినామనీ, అభ్యంతరములు, సూచనలు ఉన్నచో పదిహేను రోజులలోగా తెలుపవలెననీ పత్రికలో ఒక మూలన మీరు వేయించే ప్రకటనలను నేను భూతద్దం పట్టుకుని మరీ చదువుతుంటాను. అభివృద్ధికీ చెరువుల రక్షణకూ సమతూకం కుదర్చడమే మీ ధ్యేయమని విని సంతోషించాను. అయితే తన ఇంటిస్థలాన్ని తిరిగి శిఖంగా, అంటే నీళ్ళు నిలిచే చెరువు నేలగా, మార్చమని దరఖాస్తు పెట్టుకున్న మనిషి ఓరుగల్లులో ఇంతవరకు నాకు తారసపడలేదు గనుక, మీ త్రాసుకు రెండో తట్ట ఎక్కడుందో తెలియడం లేదు.

చట్టం విషయంలో మీ అదృష్టమే అదృష్టం. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల నిర్వచనంలోంచి, సాగునీటి కోసమో తాగునీటి కోసమో మనుషులు కట్టుకున్న చెరువులను మినహాయించారు. అంటే గణపతిదేవుని కాలంనాటి పాకాల మొదలుకొని ఒకటి నిండితే ఇంకొకదానికి నీరు పారే మన గొలుసుకట్టు చెరువులన్నీ, రైతుకు పనికివచ్చిన పాపానికి, ఆ నిబంధనల దృష్టిలో చిత్తడి నేలలు కానేకావు. ఇక మిగిలింది 2012 నాటి భవన నిబంధనల బఫర్, అంటే చెరువు చుట్టూ కట్టడం లేకుండా వదలవలసిన జాగా. పది హెక్టార్లు, అంటే ఇంచుమించు ఇరవై అయిదు ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు నుండి 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు వదలాలి. కనుక ముప్పై ఎకరాల చెరువును ఓ పక్క నుండి మొరంతో పూడ్చుకుంటూ పోయి, పాతిక లోపు చేసి, అప్పుడు హద్దురాళ్ళు పాతించగలిగిన వాడికి శిఖంతోపాటు బఫర్‌లోనూ 21 మీటర్లు కలిసివస్తాయి. ఆక్రమణకు బహుమానం ఇచ్చే లెక్కను ఇంత పొదుపుగా రాయడం మామూలు బుర్రకు సాధ్యం కాదు.

స్థల పరిశీలనకు వేసవి ఎంతో అనువైన కాలమని కూడా నేను గమనించాను. మే నెలలో శిఖం బీటలు వారి ఉంటుంది, సర్కారు తుమ్మల నీడన బర్రెలు పడుకుని ఉంటాయి, తూము నోట్లో ప్లాస్టిక్ సంచులు కుక్కుకుని ఉంటాయి. ఎవరు చూసినా అది బంజరు భూమి అనే రాస్తారు. శిఖం పట్టా ఉన్న రైతు నీళ్ళు తగ్గాక పంట వేసుకుని, నిండాక గట్టు మీదికి తప్పుకునేవాడు. ఆ పట్టా వెంచర్ చేతికి వచ్చాక మాత్రం నీళ్ళే తప్పుకోవలసి వస్తున్నది.

నీళ్ళు తప్పుకోలేదు. 2020 ఆగస్టులో నగరంలోని కాలనీలు రోజుల తరబడి మునిగాయి. 2023 జూలై చివరివారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడగా, అదే వారం పోతన నగర్ దగ్గర భద్రకాళి చెరువు కట్ట తెగింది. తర్వాత నయీంనగర్ నాలాను వెడల్పు చేయడానికి వంతెననే పడగొట్టి కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. ఆ ఖర్చు ఏ మార్పిడి ఉత్తర్వు ఖాతాలోనూ రాయలేదు. డెవలప్‌మెంట్ చార్జీల రసీదులో అందుకు గడి లేదు.

నేను రోడ్డుకు వ్యతిరేకినని తమరు అపార్థం చేసుకోవద్దు. మామునూరు విమానాశ్రయం రావాలి, ఔటర్ రింగు రోడ్డు పూర్తి కావాలి, వాటికోసం ప్రణాళికను సవరించక తప్పదు. నిండిన చెరువు నీరు పొర్లిపోయే మత్తడి దారిని రోడ్డు దాటేచోట రెండు పైపులు వేసి మట్టి కట్ట పోయకుండా, వరద పట్టేంత వెడల్పున వంతెన కట్టండి. చెరువు నుండి ఒక ఎకరం తీసుకుంటే, అదే గొలుసులో అంత నీరు నిలిచే చోటును ముందుగా చూపించండి. ఆ ఖర్చు ప్రజలు భరిస్తారు. రోడ్డు కోసమని సవరించిన పటంలో, రోడ్డుకు అటూ ఇటూ వెంచర్లు కూడా నివాస జోన్ పసుపు రంగు పూసుకుని కూర్చోవడమే నా అభ్యంతరం. రోడ్డు ఊరందరిదీ, ప్లాట్లు కొందరివీ అయినప్పుడు రెండింటికీ ఒకే ఉత్తర్వు ఎందుకో వివరించ ప్రార్థన.

ఇకమీదట ప్రతి ప్రకటనలో సర్వే నంబరు పక్కనే ఆ చెరువు ఎఫ్‌టీఎల్ ఎత్తు, మత్తడి నీరు ఏ నాలా గుండా ఏ చెరువుకు చేరుతుందన్న వివరం అచ్చు వేయించగలరు. స్థల పరిశీలన తేదీని ఆగస్టులో పెట్టగలరు. వచ్చే అధికారులకు చాయ్, తెప్ప ఏర్పాట్లు మా కాలనీ సంఘం చూసుకుంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
నాలా పక్క ఇంటివాడు, హనుమకొండ