‘వైరస్‌కి కంపెనీ ఏం చేస్తుంది?’ అనే మెసేజ్‌కి నా జవాబు

ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. “మహమ్మారి ప్రకృతి వైపరీత్యం, యజమానికి బాధ్యత ఉండదు. మాస్కులు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలి. భయమేసి రానంటే ఉద్యోగం తీసేయొచ్చు. అయినా ఎక్కడ అంటుకుందో ఎవరు నిరూపిస్తారు?” ఇది చదివి అవును కదా అనుకున్నవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

ముందు బాధ్యత సంగతి. వైరస్‌ని యజమాని తీసుకురాలేదు, నిజమే. కానీ పనిచేసే చోటు ఆయన చేతిలో ఉంది. చేయగలిగినంత మేర దాన్ని ప్రమాదం లేకుండా ఉంచాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒడంబడిక, 16వ అధికరణంలో చెప్పింది. 2022 జూన్‌లో ఆ సంస్థే సురక్షితమైన పని వాతావరణాన్ని పనిచేసేవాళ్ల ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి ఆ ఒడంబడికను ఆమోదించని సభ్య దేశాలు కూడా ఈ సూత్రాన్ని పాటించాల్సిందే. 2025 జూన్‌లోనైతే వైరస్‌ల వంటి జీవసంబంధ ప్రమాదాల కోసమే విడిగా 192వ ఒడంబడిక వచ్చింది.

2020లో నేను ఒక కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేసేదాన్ని. కిటికీలు తెరుచుకోని గది. షిఫ్ట్ మారేటప్పుడు ముందు కూర్చున్న అమ్మాయి హెడ్‌సెట్ తీసి నా చేతికిచ్చేది. చెవి దగ్గర స్పాంజి ఇంకా వెచ్చగా, చెమ్మగా ఉండేది. కర్చీఫ్‌తో తుడుచుకుని పెట్టుకునేదాన్ని. భద్రతా నిపుణులు చెప్పే వరస వేరు. ముందు ప్రమాదాన్నే తప్పించాలి, అంటే కుదిరినవాళ్లకి ఇంటి నుంచి పని ఇవ్వాలి. తర్వాత గాలి బాగా ఆడేలా చూడాలి. ఆ తర్వాత షిఫ్టులు మార్చి గుంపు తగ్గించాలి. మాస్కు అన్నిటికన్నా చివరిది. మా దగ్గర ఆ చివరిదొక్కటే ఉండేది, అదీ మా డబ్బుతో!

మాస్కుల ఖర్చు గురించి వాదనే అక్కర్లేదు. భద్రతా చర్యల ఖర్చు పనిచేసేవాళ్ల మీద పడకూడదని ఆ 155వ ఒడంబడికే 21వ అధికరణంలో చెబుతోంది.

పనికి రానంటే తీసేయొచ్చా? ఊరికే భయంగా ఉందంటే సరిపోదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ప్రమాదం ముంచుకొచ్చిందని నమ్మడానికి సరైన కారణం ఉండి పక్కకి తప్పుకున్న మనిషిని అన్యాయంగా శిక్షించకూడదు. అదే ఒడంబడిక 13వ అధికరణం ఇచ్చే రక్షణ అది. ఆ విషయం పైఅధికారికి వెంటనే చెప్పాలి. నోటిమాటతో వదిలేయకుండా ఈమెయిల్ పెట్టి, తేదీతో సహా ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. అది ఏ దేశంలోనైనా పనికొస్తుంది. వివరాలు మాత్రం దేశాన్నిబట్టి మారతాయి.

చివరిది నిరూపణ. ఎక్కడ సోకిందో తేల్చడం కష్టమే. అందుకే కొన్ని చోట్ల ఆరోగ్య సిబ్బందికి సోకితే పనిలోనే సోకినట్టు భావించాలని నిబంధనలు తెచ్చారు. అయినా ఆ చిక్కు నష్టపరిహారం దగ్గర వచ్చేది. జాగ్రత్తలు తీసుకోలేదా అన్నది వేరే ప్రశ్న. ఎవరూ జబ్బు పడకముందే తనిఖీ అధికారి ఆ గదిలోకి వచ్చి, ఒకే హెడ్‌సెట్ ఇద్దరెందుకు వాడుతున్నారని అడగొచ్చు.